వైజాగ్ పేషెంటుని అడిగిన ప్రశ్నలు

ఏమండీ,

పనసపొట్టు కూర వండి మూత పెట్టేను. కర్పూరం వాసనకి మందులు పనిచేయవంటారుగా, మీ హోమియో మందుల బీరువా పక్కనున్న కర్పూరం డబ్బా దేవుడి గదిలోకి మార్చేసేను. నేను అంబాజీపేటలో అక్క దగ్గరికి వెళ్తున్నాను, సాయంత్రం బస్సుకి వస్తాను.

మీరు కంప్యూటర్ ఆపకుండా వెళ్ళిపోయేరు. ఆ వైజాగ్ పేషెంటు వైదేహి గారికి మీరు పంపిన ఈమెయిలు చదివేను. ఒంటరిగా ఉంటే ఏడుపొస్తుందా, ఎవరైనా ఓదారిస్తే బాగుంటుందా, కలల్లో ఏం కనిపిస్తుంది అని అడిగేరు. ఆవిడకి ఉన్నది మోకాళ్ళ నొప్పేగా. హోమియోలో అందరినీ ఇలాగే అడగాలంటారేమో మీరు. నాకూ మోకాళ్ళ నొప్పే కదండీ. నన్ను మాత్రం ఒక్క ముక్క అడక్కుండా ఆరు గోళీలు చేతిలో పోసేరు.

రాజ్యలక్ష్మి

ఓదారిస్తే నాకు బాగానే ఉంటుంది. రాసుకోండి.