పొడి పత్తికి తేమ అంటగట్టిన రోజు

ఆదోని, మంగళవారం రాత్రి

ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసినా అసహ్యం వదల్లేదు.

మార్కెట్ యార్డు రూటర్‌లో మెమరీ ఎంత నిండుతోందో కనిపెట్టి ఉండటం నా ఉద్యోగం. ఈ రోజు ఆన్‌లైన్‌లో పత్తి వేలం మొదలవగానే స్క్రీన్ మీద మెమరీ గీత పైపైకి పాకింది. వ్యాపారుల పాటలు వెళ్ళేదీ, వచ్చిపోయే వాళ్ళ ఫోన్లన్నీ నడిచేదీ మా వైఫై మీదే. పాస్‌వర్డును సుద్దతో గోడ మీద రాయించిన ఘనుడు మా మేనేజరు శేషన్న.

"తాగను నీళ్ళడిగితే లేదంటామా? ఇదీ అంతేప్పా" అంటాడు.

వేలం అయ్యేదాకా మిగతా ఫోన్లకు వైఫై ఆపేస్తానన్నాను.

"వద్దప్పా, సావుకార్లు మ్యాచ్ సూస్తాండారు. తిడతారు."

కాసేపటికే మెమరీ పూర్తిగా నిండి రూటర్ బిగుసుకుపోయింది. నేను లేచేలోపే ఆయన ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. నెట్ వచ్చేసరికి చిప్పగిరి రైతు ఈరన్న కుప్పకు వేలం గడువు దాటిపోయింది. ఒక్క పాటా నమోదు కాలేదు.

"నా పత్తి ఎవురూ అడగల్యా సార్?" అన్నాడు ఈరన్న, నా వైపు చూసి.

నేను నోరు తెరిచేలోపే శేషన్న అందుకున్నాడు. "తేమ ఉండాదంటప్పా. రేపు ఆరబోసుకోని రా."

ఎంత తేలిగ్గా అనేశాడు! తూ!

ఈరన్న గుప్పెడు పత్తి తీసి చెంపకు ఆనించుకున్నాడు. "పొడిగానే ఉండాదే..." అని గొణిగాడు. నేను స్క్రీన్ వైపు తిరిగాను. గీత అడుగుకు దిగి, ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉంది.

రేపు ఆ మనిషి ఆరిన పత్తినే మళ్ళీ ఎండలో పోస్తాడు.