ఎడమ కాలి సంగతి

ఆళ్లగడ్డ

చి.ల.సౌ. సులోచనకు దీవెనలు.

ఇక్కడ ఇల్లూ, మన స్టీలు సామాన్ల అంగడీ మామూలుగానే ఉన్నాయి. పూణెలో నువ్వూ, సౌమ్యా, అల్లుడు లోకేశ్, పసిపాపా బాగున్నారని తలుస్తున్నాను. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నువ్వు వీడియో పెట్టినప్పుడు చుట్టూ అందరూ ఉంటారు. ఇది నీకొక్కదానికే చెప్పాలి.

మొన్న నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. మధ్యాహ్నం ఉమామహేశ్వరమ్మ వదిన కూర పంపుతోంది. రాత్రికి ఉప్మాతో సరిపెట్టుకుంటున్నాను. మిద్దె మీద నీళ్ల ట్యాంకు బాగు చేయించాను. షుగరు మాత్రలు మానలేదు.

నడుస్తున్నారా అని అడిగావు. నడిచాను. లోకేశ్ నా ఫోనులో పెట్టిచ్చిన పద్ధతి ప్రకారమే, వారం వారం అడుగులు పెంచుకుంటూ, పొద్దున్నే నంద్యాల రోడ్డు వెంట పోయి, అటునుంచటే వచ్చి అంగడి తెరిచేవాడిని. ఫోను రోజూ మెచ్చుకునేది. అల్లుడు మంచి మనసుతోనే ఇచ్చాడు. నా వయసూ బరువూ అందులో ఎక్కించాడు. ఎడమ అరికాలికి స్పర్శ తగ్గుతోందని మాత్రం అతనికి తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు కదా.

ఒకరోజు నడిచొచ్చి గల్లా దగ్గర కూర్చున్నాను. మన సోమన్న ఊడుస్తూ ఆగాడు.

"అన్నా, ఈ నెత్తురు యాడిది?"

"నాది కాదప్పా" అన్నాను.

చూసుకుంటే నాదే. చెప్పులోంచి మేకు లేచి చిటికెన వేలి కింద దిగి ఉంది. అంత దూరమూ దాని మీదే నడిచాను. నొప్పి లేదు. పసుపు అద్ది గుడ్డ కట్టుకున్నాను. ఫోనులో లెక్క మధ్యలో తెంపకూడదని ఆ తర్వాత కూడా నడకకు పోయాను. చివరికి వాసన వస్తోందని సోమన్నే ఆటో పిలిచి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఏం చేశారో కాసేపాగి రాస్తాను.

కట్టు కట్టాక వ్యాయామం చెప్పే ప్రవళిక అనే అమ్మాయి దగ్గరికి పంపారు. మన సౌమ్య ఈడుది. మళ్లీ అడుగుల లెక్క చెబుతుందనుకున్నాను.

"పొద్దున లేసినప్పట్నుంచి ఏమేం చేస్తారప్పా?" అని అడిగింది.

"అంగట్లో కూచుంటా."

"ఎంతసేపు?"

"మూసేదాకా."

"అయితే ఆ కుర్చీలోనే మొదలుపెడదాం. పుండు మానేదాకా నడక వద్దు. మానినాక కూడా మెత్తటి బూట్లు లేకుండా అడుగు పెట్టొద్దు."

కూర్చునే ఒక్కో కాలు చాపి కాసేపు అలాగే ఉంచమంది. మనం అమ్మే చిన్న చెంబుల్లో నీళ్లు పోసుకుని రెండు చేతులతో పైకెత్తి దించమంది. ఏమీ తినకుండా చేయొద్దని, తల తిరిగితే ఆపమని చెప్పింది.

"రోజూ అరికాలు చూసుకోండి. కంటికి ఆనకపోతే కింద అద్దం పెట్టుకోండి. నొప్పి చెప్పదు మీకు. కండ్లతోనే చూసుకోవాల."

"ఎన్నిసార్లు చేయాలమ్మా?"

"రేపు మళ్లా చేయబుద్ధయ్యేన్ని."

ఇప్పుడు బేరం లేనప్పుడల్లా చేస్తున్నాను. నిన్న ఒకాయన లోపలికి వస్తూనే "ఏందప్పా, చెంబులకు హారతి పడతాండావ్?" అన్నాడు. సోమన్న పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

ఇక దాచినది రాస్తాను. ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు. నువ్వు పాపకు పేరు పెట్టిన ఫొటోలు చూపించిన రోజు నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. నా వెనక తెల్లగోడ చూసి, "సున్నం వేయించారా?" అన్నావు. అవునన్నాను. విషం పైకి పాకలేదట, భయం లేదన్నారు.

వేలు పోయినందుకు కాదు ఈ ఉత్తరం, సులోచనా. తీసేస్తామన్నప్పుడు, ఎవరో బిందె మార్చి ఇమ్మన్నట్టు, సరే అన్నాను. తర్వాత ఏడవాలని చూశాను, రాలేదు. పాప ఫొటో చూసినా అంతే. బాగుందని తెలుస్తోంది, సంతోషం మాత్రం రావడం లేదు. నువ్వు పూణెకు పోయిన కొన్నాళ్ల నుంచే ఇలా ఉంది. కాలి గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఈ మాట కూడా ప్రవళికతో అనేశాను.

"ఇంట్లో చెప్పినారా?" అంది.

"లేదు."

"ముందు ఆ పని చేయండప్పా. కాళ్లు చాపడం తర్వాత. అప్పటికీ ఇట్లనే ఉంటే డాక్టరుకు చూపించుకుందురు, నేనే రాసిస్తా."

అందుకే రాస్తున్నాను. లోకేశ్‌కు నడక సంగతి చెప్పొద్దు, తన వల్లే అనుకుంటాడు. సౌమ్యకు నువ్వే నెమ్మదిగా చెప్పు. తొందరేమీ లేదు, పాప కాస్త పెద్దదయ్యాకే రా అని నేను అన్న మాట ఉత్తదే. వీలైనంత త్వరగా బయలుదేరు. నువ్వొస్తే నాకు ఏమైనా అనిపిస్తుందో లేదో తెలియదు.

అయినా రా.

ఇట్లు,
సౌమ్య నాయన,
రామనాథం