టమాటా కాటా మీద నీ బరువు

చెల్లెమ్మా,

ఈరోజు హోసూరులో మా నర్సింగ్ కాలేజీవాళ్లు మందుల లెక్కల పరీక్ష పెట్టారు. పాయింటు ఒక్క అంకె పక్కకు జరిగినా ఫెయిలే.

చివరి లెక్కలో జ్వరమొచ్చిన పాప ఉంది. బరువు ఎనిమిది కిలోలు, మందెంత?

మన ఊరు బేరిగైలో నాయన నిన్ను టమాటా పెట్టెలో కూర్చోబెట్టి కాటాకెత్తిన రోజు గుర్తొచ్చింది. ముల్లును పట్టుకోవాలని నీకు ఒకటే ఆరాటం. "పెట్టె బరువు తీసేసి చెప్పుమ్మా" అన్నాడు నాయన నాతో. తీసేస్తే ఎనిమిదే.

ఆ వారమే నీకు జ్వరమొచ్చింది. "పెద్దోళ్లకు వేసే సూదే వేసినానమ్మా, రేపటికి తగ్గిపోతుంది" అని క్లినిక్కాయన అమ్మకు ధైర్యం చెప్పాడు. తెల్లారేసరికి నువ్వు లేవు.

ఇవాళ లెక్క సరిగ్గానే చేశాను. ఆరోజు ఆయన నీ బరువెంతని అడగనేలేదు. అడిగుంటే, పక్కనే ఉన్న నేను చెప్పేదాన్ని.