‘ఆడ ఏడుపు’ అని రాసి ఉన్న ఆరు డబ్బాలు

కీర్తిశేషులైన సినిమా, నాటక కళాకారుల స్మారక భవనం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ భవనం నేలమాళిగలో ‘ఆడ ఏడుపు’ అనే చీటీతో ఉన్న ఆరు టేపు డబ్బాలను ఈ నెలాఖరున పారవేయకుండా ఆపుట గురించి, మరియు అందులో ఏడ్చిన మనిషి పేరు తమ రిజిస్టరులో నమోదు చేయుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, నేను గృహిణిని. వయసు యాభై రెండు. ఆ ఏడుపు మా అమ్మది. ఆమె కాలం చేసి పదమూడేళ్ళయినది. పూర్తి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ జతపరచిన కాగితంలో ఉన్నవి. మిగతా వివరాలు ఈ దిగువ మనవి చేస్తున్నాను.

1. మా అమ్మ పద్దెనిమిదో ఏట నాటకాల కంపెనీలో చేరింది. దాసి వేషాలు, ముసలమ్మ వేషాలు వేసేది. నాయిక వేషం కట్టే ఆవిడ ఏడుపు సీను అవగానే పాట అందుకోవాలి. నిజంగా ఏడిస్తే గొంతు పట్టేసేది. అందుకని ఆవిడ వేదిక మీద చేతుల్లో ముఖం దాచుకునేది, మా అమ్మ తెర వెనక నిలబడి ఏడ్చేది. ఒకనాడు నాటకం చూడటానికి వచ్చిన సౌండు ఇంజనీరు తెర వెనక్కి వచ్చి, “ఇందాక ఏడ్చిందెవరు?” అని అడిగాడట. ఆ విధంగా సినిమాల్లోకి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళు పనిచేసింది. తెర మీద ఒక్కసారి కూడా కనిపించలేదు. ఒక్క మాట కూడా పలకలేదు. మాటలు చెప్పేవాళ్ళు వేరే ఉండేవారు, ఈమెను ఏడవడానికే పిలిచేవారు. స్టూడియోలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఏడుపుల అక్కయ్య.

2. ఒక పద్ధతి తమకు తెలియకపోవచ్చును. ప్రతి సినిమాకూ కొత్తగా ఏడిపించేవారు కాదు. ఒకసారి ఏడిపించి, టేపు డబ్బాలో పెట్టి, చీటీ అంటించి, అవసరమైనప్పుడల్లా తీసి అతికించేవారు. భర్త పోయినప్పుడు ఒకటి, బిడ్డ తప్పిపోయినప్పుడు ఒకటి, పక్కగదిలో వాళ్ళకు వినపడకుండా ఏడ్చేది ఒకటి, ఇలా ఆరు. ఇంతవరకు నలభై ఒక్క సినిమాల్లో ఆమెను గుర్తుపట్టాను. ఏ సినిమా, ఎన్నో నిమిషం, ఏ డబ్బాలోది అని నోటుబుక్కులో గీతలు కొట్టి రాసుకున్నాను. దాని నకలు జతపరిచాను. నాలుగో నంబరు ఏడుపు ఒక సినిమాలో భర్త కోసం, ఇంకొకదానిలో జైలుకు వెళ్ళిన కొడుకు కోసం, మరొకదానిలో తగలబడిన ఇంటి కోసం వాడారు. ఏ సినిమాలో విన్నా పదకొండో సెకను దగ్గర ఊపిరి అందక ఆగుతుంది. ఆ ఆగడాన్ని బట్టి గుర్తుపడతాను.

మధ్యాహ్నం పూట పక్కవాళ్ళ టీవీల్లో పాత సినిమాలు వస్తాయి. గిన్నెలు తోముతుంటే ఏదో ఒక కిటికీలోంచి అమ్మ మొదలుపెడుతుంది. మా ఆయన మొదట్లో నవ్వేవారు. “పోయినా మా అత్తగారు అల్లుడి ఇల్లు వదల్లేదు” అనేవారు. ఇప్పుడు లేచి కిటికీ మూస్తారు. నేను మళ్ళీ తీస్తాను.

3. పోయిన నెల తమ భవనం చూడటానికి వచ్చాను. పెద్ద హాల్లో నాయికల పటాలున్నాయి. ఒక్కొక్క పటం కింద ఒక మీట ఉంది, నొక్కితే ఆవిడ పేరుపొందిన సీను వినిపిస్తుంది. కుడివైపు మూడో పటం మీట నొక్కాను. మా అమ్మ ఏడ్చింది. నా పక్కన నిలబడ్డ ఆయన తన భార్యతో, “విన్నావా, ఎలా ఏడ్చిందో మహాతల్లి. అలాంటి నటి మళ్ళీ పుట్టదు” అన్నారు. ఆ నాయిక మీద నాకు కోపం లేదు. ఆవిడ మంచి నటి. కన్నీళ్ళు ఆవిడవే, శబ్దం మాత్రమే మా అమ్మది. నేను నాలుగుసార్లు నొక్కాను. అయిదోసారికి వాచ్‌మన్ వచ్చి, “చాలమ్మా, మీట ఊడిపోతే నా మీదికొస్తది” అన్నాడు.

4. అక్కడి నుంచి తమ ఆఫీసులో గుమస్తా గారిని కలిశాను. ఆయన మర్యాదస్థుడు, కుర్చీ వేశారు. కళాకారుల జాబితాలో పేరు ఎక్కాలంటే తెర మీద కనిపించిన ఫోటో ఉండాలి, లేదా టైటిళ్ళలో పేరు ఉండాలి అన్నారు. రెండూ లేవన్నాను.

“కనిపించని మనిషి పటం గోడకి ఎలా పెడతామండీ? ఖాళీ ఫ్రేము పెట్టమంటారా?”

“పెట్టండి. కింద పేరు రాయండి.”

“రూల్లో లేదమ్మా.”

అప్పుడు, స్టూడియో నుంచి ఇక్కడికి చేరిన డబ్బాల సంగతి ఎత్తాను. ఆయన రిజిస్టరు తీసి వేలితో వెతికి, ఉన్నాయన్నారు. ఎవరివో తెలియని టేపులన్నీ పులిసిన వాసన వేస్తున్నాయని, అది పక్క టేపులకు అంటుకుంటుందని, నెలాఖరుకు పారేస్తున్నామని చెప్పారు. అవి మా అమ్మవని చెప్పాను.

“సరేనమ్మా. మరణ ధ్రువపత్రం తెచ్చారా?”

ఇచ్చాను. దాన్ని, రిజిస్టరును పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

“ఇందులో పేరు ఒకటుంది. డబ్బా మీద ‘ఆడ ఏడుపు, పెద్దది’ అని ఉంది. రెండూ ఒకరే అని రుజువేంటి?”

“వినండి, నేను చెప్తాను.”

“వినడానికి పర్మిషన్ కావాలి. పర్మిషన్ కావాలంటే మీరు వారసులని రుజువుండాలి.”

తమ గుమస్తా గారి మీద ఇది ఫిర్యాదు కాదు. లేచేటప్పుడు ఆయన మెల్లగా, “పై ఆయనకి ఒక అర్జీ పెట్టండి. నేను మాత్రం ఏం చేసేది?” అన్నారు. ఆ ప్రకారమే ఇది రాస్తున్నాను.

5. తరువాతి సంగతి అర్జీలో రాయదగినదో కాదో తెలియదు. సాక్ష్యం కింద రాస్తున్నాను. అమ్మ పొద్దున పోయింది. పదకొండింటికి మా ముందు గది నిండా ఆడవాళ్ళు కూర్చున్నారు. వంటింటి వైపు నుంచి ఏడుపు వినిపించింది. ఒక పెద్దావిడ, “కూతురు లోపల ఏడుస్తోంది. ఎవరూ వెళ్ళకండి, గుండె బరువు దిగనివ్వండి పాపం” అన్నది. నేను ఆవిడ వెనకే రెండు కుర్చీలు పట్టుకుని నిలబడి ఉన్నాను. అది నాలుగో నంబరు. పక్కింటివాళ్ళకు ఇంకా కబురు తెలియదు, టీవీ పెట్టుకున్నారు. మా బాబాయి నా దగ్గరికి వచ్చి, “ఏడవవే అమ్మాయ్, కాస్త తేలికపడతావు” అన్నాడు. “అమ్మది పూర్తి కానీ బాబాయ్, తర్వాత చూద్దాం” అన్నాను. ఆయన నా ముఖం వంక చూసి వెళ్ళిపోయాడు. పదకొండో సెకను దగ్గర ఊపిరి ఆగింది. ముందు గదిలో పడుకోబెట్టిన మనిషి వైపు చూశాను. మళ్ళీ అందుకుంది. మా అమ్మ పోయిన రోజున మా ఇంట్లో ఏడ్చినది మా అమ్మ ఒక్కతే.

6. ఆమె ఇంట్లో ఎన్నడూ ఏడవలేదు. “ఇంట్లో ఏడిస్తే రేపు పనికి గొంతుండదే” అనేది. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఆ గొంతు పూర్తిగా పోయింది. కాలం చేసేవరకు పంతొమ్మిదేళ్ళు గుసగుసగానే మాట్లాడింది. ఆ కారణం చేత ఆమె మామూలు మాట నాకు ఇప్పుడు గుర్తు లేదు. పేరు పెట్టి ఎలా పిలిచేదో, విసుక్కుంటే ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా రావడం లేదు. కళ్ళు మూసుకుంటే ఆరు ఏడుపులూ వరసగా వస్తాయి. మాట రాదు.

ఆమెను సినిమాల్లోకి తీసుకెళ్ళిన సౌండు తాతగారు మాకు రెండు వీధుల అవతలే ఉంటారు. ఇప్పుడు ఆయనకే చెవిలో మిషను. పోయిన వారం వెళ్ళి డబ్బాలు పారేస్తున్నారని చెప్పాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

“మీ అమ్మ ఊరికే ఏడ్చేది కాదమ్మా. గొంతు ఎంతలో ఉందో చూసుకోవాలి కదా, ఏదో ఒకటి మాట్లాడక్కా అనేవాణ్ణి. ఇంటి పనులు చెప్పేది. మైకుతో, అదేదో పక్కింటావిడైనట్టు. చెప్తూ చెప్తూ అట్నుంచి అటే ఏడుపులోకి వెళ్ళిపోయేది. మధ్యలో అతుకు దొరికేది కాదు నాకు. అందుకే ఏ టేపుకీ మొదలు కత్తిరించలేదు.”

“ఏం చెప్పేది తాతా?”

“అవన్నీ నాకెక్కడ గుర్తు? ఒకసారి మాత్రం, పిల్ల గౌనుకి బొత్తాలు ఊడిపోయాయి, సాయంత్రం కుట్టాలి అంది. అది అంటూనే ఏడ్చింది. ఆ బొత్తాలు కుట్టిందా మరి?”

కుట్టిందో లేదో నాకు గుర్తు లేదు.

కావున తమరు దయతో పై విషయములు పరిశీలించి, ఆ ఆరు డబ్బాలను నెలాఖరు జాబితా నుండి తీసివేయించవలెనని, నా నోటుబుక్కును రుజువుగా స్వీకరించి టేపులు విని సరిచూసుకోవలెనని, మా అమ్మ పేరు కళాకారుల రిజిస్టరులో రాయించవలెనని ప్రార్థన. నెలాఖరుకు తొమ్మిది రోజులే ఉన్నందున, ఈ అర్జీని వరస ప్రకారం కాక ముందుగా చిత్తగించవలెనని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఏడుపుల అక్కయ్య కూతురు,
తమ విధేయురాలు
(సంతకం జతపరచిన కాగితంలో కలదు)

తా.క.: పైన ఉన్నదంతా మా ఆయన పక్కన కూర్చుని పద్ధతిగా రాయించారు. ఇది నేనొక్కదాన్నే రాస్తున్నాను. రూల్సు ఒప్పుకోకపోతే గోడ మీద పటం వద్దండీ, రిజిస్టరూ వద్దు. ఆ మీట దగ్గర ఆ నాయిక పేరే ఉండనివ్వండి. వాసన వేస్తున్నాయంటే పారేయక తప్పదేమో, నాకూ తెలుసు. పారేసే ముందు ఒక్క పూట నన్ను రానివ్వండి. గుమ్మం బయట నిలబడమన్నా నిలబడతాను. ఆరు డబ్బాలకూ మొదలు మాత్రం పెట్టమనండి. ఆమె మాట్లాడుతున్నంతసేపు చాలు. ఏడుపు అందుకోగానే మిషను ఆపేయమనండి. ఏడుపు నాకు కంఠతా వచ్చు.