రీలు, బొటనవేలు

దుమ్ముగూడెం

ప్రియమైన శ్రీశైలానికి,

జంపయ్య రాసేది. బాగున్నాం. మనం గనిలో ఉన్నప్పుడు మేనేజరు సారు ఇచ్చిపోయిన గాలపు రీలు ఆటో రాంబాబుతో పంపుతున్నా. ఇక నీ దగ్గరే ఉంచుకో.

ఉగాదికి కడిగి తుడిచి పెట్టుకున్నా. ఆ తరువాత గోదావరిలో ఎప్పుడు విసిరినా రీలులోని చుట్ట ఆగకుండా తిరిగి, తంగూసు దారం పిచ్చుకగూడులా చిక్కుపడుతోంది. చుట్టను ఎప్పుడు నొక్కాలో ఇన్నేళ్లూ నా బొటనవేలికి తెలుసు. ఇప్పుడు తెలియడం లేదు. మా అన్నకు పక్షవాతం చేతి నుంచే మొదలైంది, నీకు గుర్తుండే ఉంటుంది.

ఇంట్లో నీ చెల్లెలు నాగక్కకు చెప్పలేదు. ఫోను చెయ్యకు. ఆమే ఎత్తుతుంది.

నీ జంపయ్య

*

ఇల్లెందు

ప్రియమైన జంపయ్య బావకు,

రీలు అందింది. ఉంచుకోవడానికి కాదు, విప్పి చూడటానికి తీసుకున్నా. కిరోసిన్‌లో కడిగినట్టున్నావు, పెండ్లికొడుకులా మెరుస్తోంది. కానీ చుట్ట ఇరుసుకు అడ్డంగా ఒక సన్నని పుల్ల ఉంటుంది. దాని రెండు కొసలకూ బ్రేకు ముక్కలుండాలి. ఎర్రగా, కందిగింజంత, నడుమ చిల్లితో. వేగంగా తిరిగేటప్పుడు అవి బయటికి జరిగి రాసుకుంటేనే చుట్ట అదుపులో ఉంటుంది. రెండూ లేవు. ఏం చేశావు?

ఇంకో మాట. బీడీ ముట్టించేటప్పుడు చెయ్యి వణుకుతుందా? చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నావా? నిజం రాయి.

శ్రీశైలం

*

దుమ్ముగూడెం

శ్రీశైలం,

గుండీలు పడుతున్నాయి. బీడీ ఎప్పుడో మానిపించింది నాగక్క. ముక్కల సంగతి నాకు తెలియదు. నన్ను ఊరుకోబెట్టడానికి రాశావు. గనిలో కప్పు కూలిననాడు కూడా నా కాలు చూసి, "ఏం గాలే బావా, గీరుకపోయింది" అన్నావు. ఆరు నెలలు మంచంలో ఉన్నా.

నాగక్క ఈ మధ్య ఊరికే నా ముఖం వంక చూస్తోంది. అడిగితే ఏమీ లేదంటుంది. రోజూ గుడికి పోయి వస్తోంది. కనిపెట్టిందేమో.

జంపయ్య

*

ఇల్లెందు

బావా,

కాలు విషయంలో అబద్ధమాడాను. ఈసారి ఆడలేదు. ముక్కలు లేకుండా కాలనీ గ్రౌండులో నేనే విసిరి చూశాను. నాకూ పిచ్చుకగూడే. చిక్కు తియ్యలేక తంగూసు కోసేశాను. క్రికెట్ ఆడే పిల్లలు "తాతా, ఏం చేప పడ్డదే?" అని ఒకటే నవ్వు. మరి నా వేలికీ పక్షవాతమేనా?

పాత మోటారు ఫైబరు బిళ్ళ గీకి రెండు ముక్కలు చేసి పెట్టాను. ఇరుసు కొసలకు ఒక్కో చుక్క నూనె వేశాను. ముక్కలు రాసుకునే చోట నూనె తగలనివ్వకు. రీలు పక్కనున్న మర తిప్పి, తంగూసు కొసనున్న సీసం గుండు మెల్లగా దిగేలా చూసుకో. రీలు రాంబాబుతోనే తిరిగి పంపుతున్నా. విసిరి, ఏమైందో రాయి. అప్పటిదాకా నాకు అన్నం సయించదు.

నీ శ్రీశైలం

*

దుమ్ముగూడెం

ప్రియమైన శ్రీశైలానికి,

పొద్దున విసిరాను. గుండు నడి పాయ దాకా పోయింది. బొటనవేలు ఆనించాను. చుట్ట ఆగింది. మళ్లీ విసిరాను. మళ్లీ ఆగింది. ఇసుకలో కూర్చుండిపోయాను. చేప పడలేదు. పడకపోతే ఏం.

ఇంటికి వచ్చి నాగక్కకు అంతా చెప్పాను. ఎర్ర ముక్కలు అనగానే ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది. నేను రీలు కడిగిన కిరోసిన్ పళ్లెం తను తోముతుంటే అడుగున దొరికాయట. తన పుస్తెలతాడు నుంచి పగడాలు రాలాయనుకుంది. నాకేదో కీడు ఉందని భయపడి, నాకు చెప్పకుండా మళ్లీ గుచ్చుకుంది. గుడికి తిరిగింది అందుకే.

తియ్యమన్నాను. "తియ్య. రీలుకు మా అన్న చేసినయి ఉన్నయి గద. ఇవి నా మెడలనే ఉంటయి" అంది. తరువాత నా బొటనవేలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఇక ఫోను చెయ్యి. ఆమే ఎత్తుతుంది.

నీ జంపయ్య