దుప్పట్ల గదిలో పిల్ల

మార్చి 3
హాస్టల్లో ఈ అంతస్తు అమ్మాయిలందరిదీ ఒకటే చదువు. తినడం, చదవడం, పడుకోవడం అన్నీ కలిసే. వాళ్ళ మేడం కూడా చివరి గదిలోనే ఉంటుంది. ఫెయిలైతే మాత్రం గది ఖాళీ చెయ్యాలి. పదకొండో గది పిల్లకి రెండు సబ్జెక్టులు పోయాయి. తలుపు మీద పేరు పీకెయ్యమని మేడం నాకే చెప్పింది. దుప్పట్లు మార్చేదాన్ని, కాదనలేను. పీకాను. గోళ్ళ నిండా జిగురు.

మార్చి 4
పిల్ల వెళ్ళలేదు. దుప్పట్ల గదిలో బీరువా వెనక కూర్చుని ఉంది. పరీక్ష మళ్ళీ రాసేదాకా ఇక్కడే ఉంటా అమ్మమ్మా, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు అంది. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుంది. నాకు బుద్ధి లేదు. దగ్గొస్తే? జ్వరమొస్తే? ఎలక కరిస్తే?

మార్చి 7
గోడ అవతల స్టడీ హాలు. మేడం చెప్పే పాఠం ఈ పిల్ల గోడకి చెవి ఆనించి రాసుకుంటోంది. వాళ్ళు నవ్వితే తనూ నవ్వుతుంది, చప్పుడు కాకుండా. ఏం ముసల్దానా, ఇవాళ ఏ కొంప మునిగింది అన్నాడు సూపర్‌వైజరు నా మొహం చూసి.

మార్చి 9
ఎవరైనా తలుపు తీస్తారేమోనని, ఇంటికెళ్ళేటప్పుడు బయట తాళం వేస్తున్నాను. లోపల బకెట్టు, ఒక సీసా నీళ్ళు. వద్దు అమ్మమ్మా అంది. నా భయం నాది.

మార్చి 11, ఆసుపత్రి
నిన్న సాయంత్రం బస్సులో కళ్ళు తిరిగి పడ్డాను. బీపీ అట. కదలొద్దన్నారు. తాళంచెవి నా కొంగునే ఉంది. నర్సుకి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. అన్నిటికీ గోల చేసేదాన్ని, చేతిలో చెయ్యేసిన మాట గుర్తొచ్చి దీనికే మూసుకున్నాను.

సాయంత్రం 5
గోడ తడితే చాలు, అవతల పాతికమంది ఉన్నారు. తడుతుంది. తట్టకుండా ఎందుకుంటుంది.

మార్చి 12
తట్టలేదు.
పొద్దున్నే ఆసుపత్రిలో ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చాను. తాళం తీస్తే దుప్పట్ల మీద పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు పగిలిపోయాయి. ఎందుకు తట్టలేదే తల్లీ అంటే, తడితే అందరూ చూస్తారుగా అంది. తర్వాత స్పృహ లేదు. వరండాలోకి పోయి అరిచాను. మేడం వచ్చింది. ఆ పాతికమందీ వచ్చారు. వాళ్ళందరి మధ్యలోంచే మోసుకుపోయారు. తాళం ఎవరేశారు అన్నాడు సూపర్‌వైజరు. నేనే అన్నాను.

మార్చి 15
నా పని పోయింది. పిల్ల చదువు మాన్పించారు. వాళ్ళమ్మ నన్ను ఆసుపత్రి గదిలోకి రానివ్వలేదు, కిటికీలోంచి చూశాను. పిల్ల నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. తిప్పుకోగలిగింది.