ఏడుపు క్లాసు, ఈల డ్యూటీ

జహీరాబాద్,
25 జూన్ 1983.

చిరంజీవి సుమిత్రకు అమ్మమ్మ భాగీరథి దీవించి రాసేది. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం కులాసా. హైదరాబాద్ హాస్టల్ అన్నం తిని నువ్వు కూడా కులాసాగా ఉంటే దేవుడున్నట్టే.

నీ ఉత్తరం చదివిన. టీచర్లు తమ కోపం, దుఃఖం దిగమింగి పిల్లల ముందు నవ్వు ముఖం పెట్టే కష్టాన్ని కొలుస్తనని ఎం.ఎడ్. పరిశోధన మొదలుపెడితివి. మీ గైడ్ ప్రకాశం ఆడవాళ్ల అధ్యాయం తీసెయ్యమన్నడా? ఓర్పు ఆడవాళ్ల స్వభావమట, స్వభావం పని కిందికి రాదట. పెద్ద చదువులు చదివినాయన, ఒకటో తరగతి గదిలో ఒక్క పూట గడిపినట్టు లేడు.

నేను కొలిచిన. ఎట్లంటవా? నేను రిటైరయిన బడికి ఇప్పుడు రామచందర్ హెడ్మాస్టర్. నా కింద పని నేర్చినోడు, ఇప్పటికీ నన్ను చూస్తే కుర్చీలోంచి లేస్తడు. బడి తెరిచే ముందు పోయి, జర డ్యూటీలు మార్చి చూడు నాయనా అన్న. ఒకటో తరగతిలో చేరే కొత్త పిల్లల ఏడుపు మాన్పే పని ఏటేటా అనంతమ్మ టీచర్‌కు, మైదానంలో ఈల ఊదే పని బస్వరాజ్ సార్‌కు. ఈసారి అటుది ఇటు చెయ్యమన్న. గొణిగి గొణిగి ఒప్పుకున్నడు.

బస్వరాజ్ మంచోడే, గొంతే పెద్దది. మొదటి రోజు గద్దించిండు. ఒకడు ఏడ్చేది పోయి క్లాసంతా ఏడ్చింది. మర్నాడు బతిమాలిండు. తర్వాత ఒక పిల్లను చంకనెత్తుకుని, ఇంకోని ముక్కు తుడుచుకుంట, గేటు కాడ తల్లులకు ఫికర్ చెయ్యకున్రి అని చెప్పుకుంట తిరిగిండు. వారం తిరగకముందే లీవు అడిగిండు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఇంటికి పోతే సొంత పిల్లలు బాపూ అని పిలిచినా మండుతున్నదట. తమాషా ఏందంటే, స్టాఫ్‌రూంలో అందరూ పాపం సార్ ఎంత తిప్పలపడుతున్నడో అని చాయ్ తెప్పించిన్రు. ఇన్నేండ్లు అదే పని చేసిన అనంతమ్మ, వాళ్లందరికీ చాయ్ పోసింది.

అయితే ఒకటి మనకు అడ్డం తిరుగుతున్నది, దాచను. అనంతమ్మ ఈల నోట్లో పెట్టుకుని ఒకటో తరగతి దిక్కే చూస్తుంటది. ఏడుపు వినపడితే బిగుసుకుపోతది. ఆమె ప్రాణమంతా ఆ పిల్లల మీదనే అని టీచర్లు అంటున్నరు, నాకూ అట్లనే అనిపించింది. అదే నిజమైతే ప్రకాశం మాట కొంత నిలబడ్తది. అది కూడా రాయి. అధ్యాయం మాత్రం తియ్యకు. డిగ్రీ ఒక ఏడు ఆలస్యమైతే కానీ. అవసరమైతే బస్సెక్కి నేనే వస్త. నా నోటి సంగతి నీకు తెలుసు, ఆయనకింకా తెల్వదు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ గైడ్ మేలు అంతగా కోరని
అమ్మమ్మ

తా.క. కవరు అంటించకముందే బజార్ల అనంతమ్మ కలిసింది. పిల్లల మీద బెంగనా అని అడిగేసిన. కాదట. బస్వరాజ్ సార్ ఎప్పుడు చేతులెత్తేస్తడో, ఆ క్లాసు మళ్ల తన నెత్తిన ఎప్పుడు పడ్తదో అని భయపడి అటే చూస్తున్నదట. చిన్నపిల్లల ఏడుపు ఆమెకు మొదటి నుంచీ పడదట. ఇన్నేండ్లలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ క్లాసు మళ్ల ఆమెకే అంటగట్టొద్దని చెప్పెతందుకు సోమవారం పొద్దున్నే రామచందర్ దగ్గరికి పోతున్న. నువ్వు అనంతమ్మ చెప్పిన ఈ మాటతోనే అధ్యాయం మొదలుపెట్టు.